లంగాలు కుట్టిన అవ్వకు ఆదరణ కూడిక

సిరిసిల్లలో కామారెడ్డి బస్సెక్కితే ఎల్లారెడ్డిపేట దారిలోనే తగులుతుంది. మీరు దిగేసరికి పొద్దు గూకుతోంది గాని, ఏప్రిల్ వేడి తారురోడ్డును ఇంకా వదల్లేదు. యాసంగి వరి కోస్తున్న మిషన్ల దుమ్ము ఊళ్లోకొచ్చి గొంతులో గరగరలాడుతుంది. గల్లీలోకి మళ్లగానే కంజీర చప్పుడు వినిపిస్తుంది. వాకిట్లో షామియానా, కింద జంబుఖానాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. గుంజకు కట్టిన ఫ్లెక్సీలో నెత్తి మీద కొంగు కప్పుకున్న ముసలామె. ఫొటో కింద రెండు తేదీలు: పుట్టినది, ప్రభువునందు నిద్రించినది. భూస్థాపనై పది రోజులు దాటింది.

చెప్పులు విడిచి కూర్చోండి. మీరెవరని ఇక్కడ ఎవరూ అడగరు. ఒకావిడ ‘వందనాలు’ అంటూ స్టీలు గ్లాసుతో నీళ్లందిస్తుంది. తాగుతూ తలుపులోంచి లోపలికి చూస్తే గోడవారగా కుట్టుమిషన్ కనిపిస్తుంది. సూది కింద సగం కుట్టిన లంగా అట్లాగే ఉంది. పక్కన నేల మీద కత్తిరించిన కలీల కట్ట, సుతిలితో బిగించి ఉంది. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన గుడ్డ రంగు పడి, కత్తెరపడి ఇట్లా ఇళ్లకు వస్తుంది. ఆడవాళ్లు లంగాలుగా కుట్టి లెక్కపెట్టి సేటుకు తిరిగి ఇస్తారు. బీడీలు చుట్టని ఇంట్లో మిషన్ ఆడుతుంది. కొన్ని ఇళ్లలో రెండూ ఉంటాయి. ఈ అవ్వ తన కాళ్లు ఆడినన్నాళ్లూ ఈ మిషనే తొక్కింది.

పాట అందుకున్నది మాసిన ధోవతి ముసలాయన. చేతిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది గాని దానివైపు చూడడు. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు ఈ వాకిట్లో ఇంకా నోటికే వస్తాయి. పిల్లలు కీబోర్డుతో ఆయన వెంట పరుగెడతారు, ఆయన మాత్రం తన తాళంలోనే సాగుతాడు. పాట ఆగినప్పుడు మీవైపు వంగి, ‘మా తాత మెదకు గుడికి రాళ్లు మోసిండు. కరువుల గదే బువ్వ పెట్టింది’ అంటాడు. వెస్లియన్ మిషన్ దొర పోస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయ్యింది. ఆయనకు మాత్రం అది తాత మోసిన రాయి, తాత తిన్న బువ్వ. విశ్వాసం ఆయన ఇంటికి ఆ దారినే వచ్చింది.

ముందు వరసలో స్టూలు మీద నీళ్ల చెంబుకు ఆనించి సెల్‌ఫోన్ నిలబెట్టారు. తెర మీద అవ్వ కొడుకు, దుబాయిలో క్యాంపు గదిలో రెండంతస్తుల మంచం మీద కూర్చున్నాడు. సెలవు దొరకలేదు. ఈ మండలాల్లో అది కొత్త సంగతేమీ కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లలో ఎన్నో చావులు ఫోన్లలోనే జరిగిపోతాయి. కొన్నిసార్లు అటునుంచే పెట్టె వస్తుంది, శంషాబాద్ దాకా వెళ్లి తెచ్చుకోవాలి. సిగ్నల్ తెగినప్పుడల్లా కోడలు ఫోన్‌ను కాస్త జరుపుతుంది. మొగుడి మొహం గళ్లుగళ్లుగా విడిపోయి మళ్లీ అతుక్కుంటుంది.

‘అయ్యగారూ, అవ్వ ఆఖరి చూపు నాకు దక్కలే’ అంటాడు తెరలోంచి. అందరి ముందూ, గట్టిగా. షామియానా కింద ఎవరూ కదలరు.

పాస్టర్ వెంటనే జవాబు చెప్పడు. బైబిలు తెరిచి అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం తీస్తాడు. యొప్పేలో తబితా అనే విశ్వాసి ఉండేది. జబ్బు చేసి చనిపోతే మేడగదిలో పడుకోబెట్టారు. పేతురు వచ్చేసరికి విధవరాండ్రు ఏడుస్తూ చుట్టూ నిలబడి, తబితా బతికుండగా తమకు కుట్టిన బట్టలు ఆయనకు చూపించారు. అక్కడిదాకా చదివి పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆగుతాడు. ‘అమ్మలారా, వాళ్లు పేతురుకు వాక్యం చెప్పలే. కుట్లు చూపించిండ్రు.’

ఆడవాళ్ల వైపు కలకలం మొదలైంది. ‘నేను కట్టుకున్న లంగ పెద్దమ్మ కుట్టిందే’ అని ఒకామె అంటుంది. నవ్వబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ‘నా బిడ్డ పెండ్లికి పైసల్ తీసుకోలే’ అని మరొకామె. ‘నాకు మిషన్ తొక్కుడు నేర్పిందే ఆమె’ అంటూ పక్కింటి పద్మశాలి ఆమె ఏడ్చేసింది. ఈమె చర్చికి రాదు, బతుకమ్మ పేరుస్తుంది. అయినా సాయంత్రం నుంచి పొయ్యి దగ్గర బగారన్నానికి ఉల్లిగడ్డలు కోసింది ఆమే. అయ్యగారు ఎవరినీ ఊరుకొమ్మనడు. లాజరు సమాధి దగ్గర, మరికాసేపట్లో అతన్ని లేపబోతూ కూడా ప్రభువు కన్నీళ్లు పెట్టుకున్నాడని గుర్తుచేస్తాడు. నిరీక్షణ ఉన్నవాళ్లు ఏడవకూడదని ఎవరైనా అంటే నమ్మొద్దంటాడు.

అప్పుడు లోపలి గుమ్మం దగ్గర నిలబడ్డ మనవరాలు అడుగుతుంది. ఇంటర్ చదివే పిల్ల. ‘పేతురు ప్రార్థన చేస్తే తబితా లేచింది. మేం గూడ చేసినం. దవాఖాన్ల మూడు రాత్రులు మోకాళ్ల మీద ఉన్నం. నాయినమ్మ లేవలే.’

ఈ ప్రశ్నకు తయారుగా ఉన్న జవాబులు చాలా ఉన్నాయి. దేవుని చిత్తం అనొచ్చు. మీ విశ్వాసం చాల్లేదనొచ్చు, అది మరీ పాపం. అయ్యగారు ఆ రెండు దారులూ పట్టడు. ‘తబితా ఇప్పుడు యొప్పేల ఉన్నదా బిడ్డా?’ అని అడుగుతాడు. పిల్ల తల అడ్డంగా ఊపుతుంది. ‘లేదు. లేచింది, ఇంకొన్నేండ్లు కుట్టింది, ఒకనాడు మళ్లీ పోయింది. లాజరూ అంతే. ఆ లేచుడు మన ఆశకు గుర్తే గాని ఆశంతా గదే కాదు. యేసు లేచిండు, మల్ల చావలే. మీ నాయినమ్మకు ప్రభువు మాటిచ్చింది గా లేచుడు. మీ ప్రార్థన వట్టిగ పోలే, దాని జవాబు ఇంకా రావాల్సి ఉంది.’

పిల్ల ఒప్పుకున్నట్టు లేదు, కొట్టేసినట్టూ లేదు. గుమ్మం విడిచి వచ్చి తల్లి పక్కన కూర్చుంటుంది.

ఇప్పుడు ఆయన ఫోన్ వైపు తిరుగుతాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కింద థెస్సలొనీకలో కొత్త విశ్వాసులకు ఇదే బెంగ పట్టుకుందని చెబుతాడు. ప్రభువు వచ్చేలోగా పోయినవాళ్ల సంగతేమిటి, వాళ్లను మళ్లీ చూస్తామా అని. పౌలు వాళ్లకు ఉత్తరం రాసి, పోయినవాళ్లు వెనకబడిపోరని, అందరూ కలుసుకునే దినముందని చెప్పాడు. ఆ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోమన్నాడు. ‘నీకు దక్కనిది పెద్దదే కొడుకా, కాదనను. కాని గది ఆఖరుది కాదు. అవ్వను చూసేది ఇంకా ఉన్నది.’ తెర మీద అతను మొహం పక్కకు తిప్పుకుంటాడు. వెనక పైమంచం మీదున్న మనిషి కిందికి చెయ్యి చాపి అతని భుజం మీద వేస్తాడు.

‘మరి ఇప్పుడు పెద్దమ్మ ఏడ ఉన్నట్టు అయ్యగారూ?’ పద్మశాలి ఆమె అడుగుతుంది.

‘ప్రభువు దగ్గర. ఎట్లున్నదో నాకు తెల్వదమ్మా. ఎవల దగ్గరున్నదో తెలుసు.’

ప్రార్థనకు అందరూ లేస్తారు, మీరూ లేవండి. ఒకరు మొదలుపెడితే పది గొంతులు కలుస్తాయి. ఒకామె స్తోత్రం స్తోత్రం అంటుంది. ఒకాయన కోడలి అప్పుల సంగతి దేవునికి పేరుపేరునా చెబుతాడు. కీర్తన పాడిన ముసలాయన మాత్రం పెదవులు కదపడు, కోడలి తల మీద చెయ్యి ఉంచి నిలబడతాడు. చివర అందరూ కలిసి ప్రభువు ప్రార్థన చెబుతారు. దుబాయి గొంతు ఒక అర మాట వెనకగా వస్తుంటుంది. అది ముగిసేదాకా ఆగి ఆమెన్ అంటారు.

విస్తళ్లలో బగారన్నం, కోడికూర వడ్డిస్తారు. తింటూనే కోడలు అసలు సంగతి బయటపెడుతుంది: ఆ కట్ట సోమవారానికి సేటుకు ఇయ్యాలె, తనకు కుట్టు సరిగా రాదు. చెయ్యి కడుక్కుని ఒకామె లోపలికి పోయి సుతిలి విప్పుతుంది. పది నాకు, పది నీకు అని అక్కడికక్కడే పంచుకుంటారు. పద్మశాలి ఆమె ఎర్రరంగు కలీలన్నీ తన వైపు లాక్కుంటే, ఆ దారం తన దగ్గరే ఉందని ఇంకొకామె పేచీ పెడుతుంది. అయ్యగారు విస్తరి మడుస్తూ చూస్తున్నాడు. పునరుత్థానం గురించి పౌలు కొరింథీయులకు రాసిన పదిహేనో అధ్యాయం 58 వచనాల పొడవు. చావును ఓడించిన బూర మోగాక, ఆ అధ్యాయం ఆగేది ప్రభువులో చేసిన కష్టం వృథా కాదన్న మాట దగ్గర. ఆయన దాన్ని ఇప్పుడు చదివి వినిపించడు. ఇక్కడ ఆ అవసరం లేదు.

మిషన్ మీద సగంలో ఆగిన లంగాను ఎవరూ తీసుకోలేదు. కోడలు దాన్ని సూది కింద నుంచి తీసి, ‘నాడా పోయే మడతొక్కటి నాతోని కాదు’ అంటుంది.

‘రేపు పొద్దుగాల్ల అస్త. మిషన్‌కు నూనె పెట్టి ఉంచు’ అంటుంది పక్కింటామె.