చిట్టాకెక్కని పరుగులు

డర్బన్ నుండి పీటర్‌మారిట్స్‌బర్గ్‌కు పాత రోడ్డు మీద పోతే 86 నుండి 90 కిలోమీటర్ల దూరం ఉంటుంది. కారులో అది ఒక గంట ప్రయాణం. ఏడాదిలో ఒక్క రోజున మాత్రం వేలాది మంది ఆ దూరాన్ని తమ కాళ్ళతో కొలుస్తారు. సాధారణంగా ఒక ఏడు డర్బన్ నుండి ఎగువకు, మరొక ఏడు పీటర్‌మారిట్స్‌బర్గ్ నుండి దిగువకు పరుగు సాగుతుంది. దీని పేరు కామ్రేడ్స్ మారథాన్.

పరుగెత్తేవారిలో అధిక సంఖ్యాకులు ఔత్సాహికులు. గుమాస్తాలు, నర్సులు, ఉపాధ్యాయులు, దుకాణదారులు, ఫ్యాక్టరీ కార్మికులు. నెలల తరబడి తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి, చీకట్లో పరుగెత్తి, స్నానం చేసి పనికి పోయే మనుషులు. వీరికి దీని వలన జీతం పెరగదు, పదవి రాదు. దక్కేది పిడికిట్లో ఇమిడిపోయే చిన్న పతకం. దానితో పాటు పందెం చిట్టాలో ఒకే ఒక వరుస: పేరు, అంకె, పట్టిన కాలం. ఔత్సాహికునికి ఆ వరుసే ఆస్తి. అందువలన ఈ పందెం చరిత్ర చదివేటప్పుడు ఎవరు గెలిచారు అని మాత్రమే అడిగితే చాలదు. ఆ వరుస ఎవరికి దక్కనిచ్చారు, ఎవరికి దక్కనివ్వలేదు అని కూడా అడగాలి. నేటాలులో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్నతో దగ్గర చుట్టరికం ఉన్నది.

ఈ పందాన్ని ఆరంభించినది విక్ క్లాఫమ్ అనే మాజీ సైనికుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన తూర్పు ఆఫ్రికా అడవులలో జర్మను సైన్యాన్ని తరుముతూ సుమారు 2,700 కిలోమీటర్లు నడిచాడు. యుద్ధంలో చనిపోయిన తోటి సైనికులకు రాతి స్తంభం కన్నా మనిషి ఓర్పే తగిన స్మారకమని ఆయన తలచాడు. మాజీ సైనికుల సంఘం వారు ఇది మనుషులు చేయగలిగిన పని కాదని 1919లోను, 1920లోను అనుమతి నిరాకరించారు. 1921లో ఒప్పుకుని, ఖర్చులకు ఒక్క పౌను అప్పు ఇచ్చారు. ఆ యేడు మే 24వ తేదీన 34 మంది పీటర్‌మారిట్స్‌బర్గ్ నుండి బయలుదేరగా, 16 మంది డర్బన్ చేరారు. మొదట వచ్చిన బిల్ రోవాన్‌కు 8 గంటల 59 నిమిషాలు పట్టింది.

ఆ తొలి రోజుల పరుగువీరులు మనలాంటి మామూలు మనుషులే. 1922లో గెలిచిన ఆర్థర్ న్యూటన్ 39 ఏళ్ళ రైతు. తన పొలం విషయంలో ప్రభుత్వం చెవిన పెట్టని ఫిర్యాదును ప్రజల దృష్టికి తేవడానికి ఆయన పరుగు మొదలు పెట్టి, మొత్తం ఐదు సార్లు గెలిచాడు. 1931లో 19 ఏళ్ళకే గెలిచిన ఫిల్ మాస్టర్టన్ స్మిత్, 1933లో కేప్‌టౌన్ నుండి రైలు చార్జీలకు డబ్బు లేక దాదాపు వెయ్యి మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వచ్చి, ఆ అలసటతోనే పరుగెత్తి పదవవాడుగా నిలిచాడు. సైకిలు, పరుగు కలిపిన పందేలు నేడు అనేకం ఉన్నవి. ఆ రోజుల్లో వాటికి పేరైనా లేదు. పేదరికమే ఆయన చేత ఆ రెండూ చేయించింది.

అయితే ఈ వీరులందరికీ ఒక సౌకర్యం ఉన్నది. వారు తెల్ల జాతి పురుషులు. నియమాల ప్రకారం పందెం వారికి మాత్రమే. 1923లో ఫ్రాన్సిస్ హేవర్డ్ అనే యువతి దరఖాస్తు పెడితే ఆడవారికి ప్రవేశం లేదన్నారు. ఆమె అయినా పరుగెత్తి 11 గంటల 35 నిమిషాలలో గమ్యం చేరింది. పతకం ఇవ్వలేదు. చూడవచ్చిన జనమే చందాలు వేసుకుని వెండి టీ పాత్రలు బహూకరించారు. 1935లో రాబర్ట్ మ్చాలి అనే నల్ల జాతి వ్యక్తి 9 గంటల 30 నిమిషాలలో పూర్తి చేశాడు. ఆయన పేరు కూడా ఫలితాలలో చేరలేదు. గడియారానికి మనిషి రంగు తెలియదు గనుక కాలం సరిగ్గానే చెప్పింది. వ్రాసే కలమే ఆగిపోయింది.

ఇక మన సంగతి. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అనే ఓడ మదరాసు నుండి 342 మందిని తెచ్చి డర్బన్ రేవులో దించింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు గిర్మిట్ కూలీలుగా నేటాలుకు వచ్చారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మదరాసు రేవున ఓడ ఎక్కినవారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి మన పెద్దలు వచ్చినది ఆ ఓడలలోనే. ఓడ చిట్టాలో ప్రతి మనిషికీ ఒక అంకె వేశారు. తరువాత పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు, మచ్చలు. పేరు మాత్రం గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా వ్రాశాడు. అందుకే ఒకే ఇంటి అన్నదమ్ముల పేర్లు కూడా రెండు రకాలుగా కనబడతాయి. తప్పు లేకుండా ఉన్నది అంకె ఒక్కటే. నేటికీ తాతముత్తాతల ఊరు వెదకాలంటే మనం ఆ అంకెతోనే ప్రారంభించాలి.

ఆ అంకెలు మోసినవారు చెరుకు తోటలలో పని చేశారు. డర్బన్ నుండి పీటర్‌మారిట్స్‌బర్గ్‌కు 1880లో చేరిన రైలు మార్గాన్ని నడిపించిన నేటాలు రైల్వేలోను వేలాది భారతీయ కూలీలు చెమటోడ్చారు. కామ్రేడ్స్ దారి ఆ రైలు మార్గానికి దగ్గరదగ్గరగానే సాగుతుంది. డర్బన్ వదిలి కొండ ఎక్కేటప్పుడు మేవిల్, కేటో మేనర్ ప్రాంతాలు పక్కనే ఉంటాయి. అవి ఒకప్పుడు మనవారు కూరగాయల తోటలు వేసుకుని, గుళ్ళు కట్టుకుని బ్రతికిన చోట్లు. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఆ కుటుంబాలను అక్కడి నుండి పెకలించి చాట్స్‌వర్త్ వంటి ప్రాంతాలకు తరలించింది. అంటే మన ఊళ్ళ అంచునే సాగిన పందెంలో మనకు రోడ్డు పక్కన నిలబడే చోటు మాత్రమే దక్కింది; తరువాత ఆ చోటు కూడా పోయింది.

1975లో కామ్రేడ్స్ 50వ పందెం జరిగింది. ఆ యేడు మొదటిసారిగా అన్ని జాతుల వారికీ, స్త్రీలకూ అధికారికంగా ప్రవేశం ఇచ్చారు. విన్సెంట్ రకాబెలే 20వ స్థానంలో వచ్చి పతకం పొందాడు. తలుపు తెరుచుకున్నది, అందరూ సంతోషంగా లోపలికి పోయారు అని ఇక్కడ కథ ముగించవచ్చు. కాని జరిగినది అంత సులభం కాదు.

జాతిభేదం లేని క్రీడల కోసం 1973లో దక్షిణాఫ్రికా క్రీడా మండలి ఏర్పడింది. దానిని సాకోస్ అనేవారు. సమాజమే సక్రమంగా లేనప్పుడు అందులో ఆట ఒక్కటే సక్రమంగా ఎలా ఉంటుంది అన్నది వారి వాదన. ఓటు లేని మనిషిని, తనకు నచ్చిన వీధిలో ఇల్లు కట్టుకోలేని మనిషిని ఒక్కరోజు పరుగెత్తనిచ్చి, ప్రపంచానికి చూపించుకోవడం వారికి సమ్మతం కాలేదు. నేటాలు భారతీయ క్రీడాకారులలో అనేకులు ఈ మాటకు కట్టుబడి, తెరిచిన తలుపు ముందు కూడా ఆగిపోయారు. ఒక ఆటగాడి బలమైన కాలం పది పదిహేనేళ్ళు. ఆ కాలాన్ని సూత్రానికి ధారపోసిన వారి పేర్లు ఏ ఫలితాల పట్టికలోనూ ఉండవు. మరికొందరు, పరుగెత్తడమే మన హక్కును చాటడం అని భావించి పాల్గొన్నారు. ఒకే ఇంట్లో అన్న మానుకోవడం, తమ్ముడు పరుగెత్తడం సాధ్యమైన రోజులవి. ఇద్దరిలో ఎవరినీ నేడు మనం తేలికగా తీర్పు తీర్చరాదు.

1981లో ప్రభుత్వం రిపబ్లిక్ ఇరవయ్యవ వార్షికోత్సవాలు జరిపింది. కామ్రేడ్స్‌ను వాటిలో చేర్చినందుకు నిరసనగా కొందరు పందెం మానుకున్నారు. కొందరు చేతికి నల్ల పట్టీ కట్టుకుని పరుగెత్తారు. వారిలో ఒకడైన బ్రూస్ ఫోర్డైస్ జనం ఎగతాళి భరిస్తూనే ఆ యేడు గెలిచాడు. ఆయన మొత్తం తొమ్మిది సార్లు గెలిచాడు. 1989లో సామ్ షబలాలా గెలిచి, ఈ పందెంలో ప్రథముడైన తొలి నల్ల జాతి వ్యక్తి అయ్యాడు. 1994లో అందరికీ ఓటు వచ్చింది. 2019లో పది గంటల లోపు పూర్తి చేసేవారి కొరకు ఒక కొత్త పతకం ఏర్పరచి, దానికి రాబర్ట్ మ్చాలి పేరు పెట్టారు. 1935లో వ్రాయని వరుసను వ్రాయడానికి 84 సంవత్సరాలు పట్టింది.

మన యువతీ యువకులలో కొందరు నేడు పరుగుతో ఆగక ట్రయథ్లాన్‌లకు కూడా పోతున్నారు. ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకదాని వెంట ఒకటి చేసే పందెం ఇది. దీనిలో పెద్దదైన ఐరన్‌మ్యాన్ 1978లో హవాయి దీవులలో మొదలైంది. ఈతగాడు గొప్పా, సైకిలు తొక్కేవాడు గొప్పా, పరుగెత్తేవాడు గొప్పా అన్న వాదన తేల్చడానికి 15 మంది దిగగా 12 మంది పూర్తి చేశారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆ పైన 42.2 కిలోమీటర్ల పరుగు. మన దేశంలో పోర్ట్ ఎలిజబెత్ నగరంలో 2005 నుండి ఈ పూర్తి దూరపు పోటీ జరిగింది. 2021లో గ్కెబెర్హా అని పేరు మారినది ఆ నగరమే.

ఈ మూడింటిలో మనవారికి ఆలస్యంగా చేతికందినది ఈత. దానికి కారణం చరిత్రలోనే ఉన్నది. డర్బన్ తీరాన వలలు లాగి బ్రతికిన భారతీయ కుటుంబాలు ఉన్నా, ఈదడానికి మంచి తీరాలు మనవి కావు. 1953 నాటి చట్టం తీరాలను, ఈత కొలనులను, బెంచీలను కూడా జాతుల వారీగా విభజించింది. ఆ చట్టం 1990లో గాని రద్దు కాలేదు. పరుగుకు ఒక జత బూట్లు, ఖాళీ రోడ్డు చాలు. సైకిలుకు డబ్బు కావాలి. ఈతకు నీళ్ళలోకి దిగనిచ్చే చట్టం కావాలి. మీ మనుమరాలు సముద్రంలో రెండు మైళ్ళు ఈదివస్తే ఆమె ఓర్పును మెచ్చుకోండి. ఆమె అవ్వకు ఆ నీళ్ళు ఎందుకు దూరమయ్యాయో కూడా ఆమెకు చెప్పండి.

కామ్రేడ్స్‌లో కాలపరిమితి కఠినమైనది. 2003 నుండి అది 12 గంటలు. అంతకు ముందు చాలా ఏళ్ళు 11 గంటలు. గడువు తీరే క్షణాన ఒక అధికారి వస్తున్నవారికి వీపు పెట్టి నిలబడి తుపాకి పేలుస్తాడు. ఎవరు ఒక్క అడుగు దూరంలో ఉన్నారో అతనికి కనబడకూడదు గనుక ఆ ఏర్పాటు. 1989లో 80 ఏళ్ళ వాలీ హేవర్డ్ ఆ తుపాకికి రెండు నిమిషాల లోపే ముందు గీత దాటాడు. గీత దాటని వారికి పతకం లేదు, కాలం లేదు. అది అందరికీ ఒకే విధంగా వర్తించే నియమం గనుక ఓడినవాడు కూడా దానిని గౌరవిస్తాడు. పుట్టుకను బట్టి గీసిన గీతకు అటువంటి గౌరవం ఎన్నడూ దక్కలేదు.

ఈ పందెంలో మరొక ఆచారం ఉన్నది. పది సార్లు పూర్తి చేసినవారికి ఆకుపచ్చ అంకె ఇస్తారు. ఆ అంకె జీవితాంతం వారిదే. మన పెద్దలకు ఓడ రేవులో దొరికిన అంకె దొర లెక్క కొరకు వేసినది. దాని పక్కన ఈ అంకెను పెట్టి చూస్తే, నాలుగైదు తరాలలో మనం నడిచిన దూరం ఎంతో తెలుస్తుంది.

సోదర సోదరీమణులారా, మన కుటుంబాలలో 1975కు ముందు అనుమతి లేకుండా పరుగెత్తినవారు ఉండవచ్చు. సూత్రం కొరకు పరుగు మానుకున్నవారు ఉండవచ్చు. ఫ్యాక్టరీ క్రీడలలోనో, బడి పందేలలోనో గెలిచి, అంతకు పై మెట్టు లేక ఆగిపోయినవారు ఉండవచ్చు. తెల్లవారకముందే రోడ్డు పక్కన నిలబడి పరుగెత్తేవారికి నీళ్ళు అందించిన తల్లులు ఉండవచ్చు. వీరిలో అనేకులు నేడు డెబ్బై, ఎనభై దాటినవారు. వారు పోతే వారి వరుస కూడా పోతుంది.

కనుక మన సభ తరపున ఒక నోటు పుస్తకం తెరవాలని నా మనవి. పేరు, పుట్టిన ఊరు, తెలిస్తే ఓడ అంకె, పరుగెత్తిన యేడు, ఎక్కడి నుండి ఎక్కడికి, పట్టిన కాలం, పరుగెత్తకపోతే ఎందుకు పరుగెత్తలేదు. ఒక్కొక్కరికి ఒక్క పేజీ చాలు. సాయంకాలపు తెలుగు తరగతులలో పిల్లలకు దీనినే వ్యాసరచనగా ఇవ్వవచ్చు. పిల్లవాడు తన తాతగారిని అడిగి నాలుగు వాక్యాలు తెలుగులో వ్రాసుకొని వస్తే భాషా వస్తుంది, చరిత్రా మిగులుతుంది. పేర్లు మాత్రం ఈసారి సరిగ్గా, ఆ మనిషి చెప్పినట్టే వ్రాయండి.