ఫోర్డు బండికి షెవర్లే ఇంజన్

1953లో ఫోర్డ్ మోటార్ కంపెనీకి యాభై ఏళ్లు నిండాయి. ఆ ఏడాదే ఎఫ్-100 అనే పికప్ ట్రక్కు అమెరికా బజారులోకి వచ్చింది. గుండ్రటి భుజాలు, వెడల్పాటి బానెట్, డ్రైవరు నడుం గురించి కూడా కాస్త ఆలోచించి చేసిన క్యాబిన్. ఎండుగడ్డి, దాణా బస్తాలు, ఇటుకలు మోయడానికి పుట్టిన బండి. దాని వీ-8 ఇంజన్ బలం వంద హార్స్‌పవర్. ఇప్పుడు అక్కడ పాత బండ్ల ప్రదర్శన ఎక్కడ జరిగినా ఆ ట్రక్కు కనిపిస్తుంది. బయటి రేకు అదే. బానెట్ ఎత్తితే మాత్రం మూడు నాలుగు రెట్ల బలమున్న ఇంజన్, దాన్ని నడిపే కంప్యూటరు, ఏసీ కంప్రెసర్. చాలాసార్లు ఆ ఇంజన్ ఫోర్డుది కూడా కాదు, పోటీదారు షెవర్లేది. ఎన్టీఆర్ వీరాభిమాని ఇంటి హాల్లో ఏఎన్నార్ నిలువెత్తు ఫోటో చూసినట్టు ఉంటుంది పాతకాలపు ఫోర్డు భక్తులకు. దీని మీద వాళ్లలో వాళ్లకు దశాబ్దాలుగా వాదులాట.

పాత బండి రూపం ఉంచేసి లోపలి యంత్రాంగాన్ని కొత్తది చేయడాన్ని అక్కడ ‘రెస్టోమాడ్’ అంటున్నారు. పేరు ఈమధ్యది, పని పాతది. ఏ కాలంలో ఏ ఇంజన్ ఎక్కించారో వరసగా చూస్తే తెలిసేదేమిటంటే, అన్నింటికంటే గొప్ప ఇంజన్‌ని ఎవరూ వెతుక్కోలేదు. ఆ కాలపు తుక్కు యార్డులో కుప్పలుగా ఏది పడి ఉందో దాన్నే ఎక్కించారు. ఈ చరిత్రను కార్ల కంపెనీలు ఎంత రాశాయో, తుక్కు యార్డులూ అంత రాశాయి.

మొదలు 1932. అప్పటిదాకా ఎనిమిది సిలిండర్ల వీ ఇంజన్ అంటే డబ్బున్నవాళ్ల కార్లకే. హెన్రీ ఫోర్డ్ ఇంజన్ బ్లాకు మొత్తాన్ని ఒకే పోతగా పోయించి, దాన్ని సామాన్యుడి కారులో పెట్టాడు. 221 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 3.6 లీటర్లు, 65 హార్స్‌పవర్. వాల్వులు సిలిండర్ల పక్కనే బ్లాకులో ఉంటాయి, పైన హెడ్డు ఒట్టి మూతలా బల్లపరుపుగా ఉంటుంది. అందుకే ‘ఫ్లాట్‌హెడ్’ అన్నారు. కొన్నేళ్లు తిరిగేసరికి పాతబడ్డ, గుద్దుకున్న ఫోర్డు కార్లతో యార్డులు నిండాయి. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు ఆ ఇంజన్లు తెచ్చుకుని, తేలికపాటి పాత బాడీల్లో బిగించి, మ్యురాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద పందేలు వేశారు. ఆ పందేలకు ఒక పద్ధతి పెట్టడానికి 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇంటికొచ్చాక ఈ సరదా ఊపందుకుంది. లేతు పని, వెల్డింగు పని సైన్యంలోనే నేర్చుకొచ్చినవాళ్లు చాలామంది. విక్ ఎడెల్‌బ్రాక్ లాంటి మెకానిక్కులు ఫ్లాట్‌హెడ్‌కి అల్యూమినియం హెడ్లు, కొత్త మానిఫోల్డులు పోయించి అమ్మకం మొదలుపెట్టారు. 1948 జనవరిలో ‘హాట్ రాడ్’ పత్రిక తొలి సంచిక వచ్చింది. ఈ విడిభాగాల తయారీదారులంతా 1963లో సంఘంగా ఏర్పడ్డారు. అదే సెమా. దాని వార్షిక ప్రదర్శన ఈరోజుకీ ఈ రంగానికి పెద్ద పండగ.

ఫ్లాట్‌హెడ్‌కి ఒక జబ్బు ఉండేది. మండిన వాయువు బయటికి పోయే దారి బ్లాకు మధ్యలోంచే ఉండటంతో వేడంతా నీళ్లలోకి దిగేది, రేడియేటర్ మరిగేది. ఎఫ్-100 వచ్చిన 1953 సంవత్సరమే అమెరికాలో ఆ ఇంజన్‌కి ఆఖరు. మరుసటేడు ట్రక్కులకు వాల్వులు పైన ఉండే కొత్త వీ-8 ఇచ్చారు. అదే అసలైన మార్పు అనుకునేలోపు 1955 వచ్చింది. షెవర్లే చీఫ్ ఇంజనీరు ఎడ్ కోల్ బృందం 265 ఘనపుటంగుళాల చిన్న వీ-8ని తెచ్చింది. 4.3 లీటర్లు, కారులో 162 హార్స్‌పవర్. పోత పలచన, బరువు తక్కువ, భాగాలు తక్కువ. అది కోట్ల బండ్లలో పోయింది, కాబట్టి కొన్నేళ్లకు యార్డుల్లోనూ అదే. ఫోర్డు బాడీల్లో షెవర్లే ఇంజన్లు కనబడటం అప్పుడే మామూలైంది. ‘స్మాల్ బ్లాక్’ కుటుంబంలో పదికోట్లవ ఇంజన్‌ని జనరల్ మోటార్స్ 2011 నవంబరులో తయారుచేసింది.

ఇంతకీ ట్రక్కుకి అంత బలం దేనికి? పాతకాలపు బండిని పాతకాలపు వేగంతోనే నడుపుకోవచ్చు కదా. దీనికి జవాబు రోడ్డు దగ్గరుంది. ఐసెన్‌హోవర్ అంతర్రాష్ట్ర రహదారుల చట్టం మీద సంతకం పెట్టింది 1956 జూన్ 29న. 1953 నాటి ఎఫ్-100ని గీసినప్పుడు ఆ రోడ్లు లేనే లేవు. పొలం నుంచి పట్నానికి, పట్నం నుంచి పొలానికి బరువుతో నెమ్మదిగా వెళ్లే బండి అది. గేర్లు కూడా బరువు లాగడానికి తగ్గట్టే కూర్చారు, పరుగుకి కాదు. ఆ బండిని ఈరోజు గంటకు 70 మైళ్లు, అంటే సుమారు 113 కిలోమీటర్లు పోయే వరసలోకి ఎక్కిస్తే ఇంజన్ గొంతు చించుకుంటుంది, వెనకాల లారీవాడు హారన్ కొడతాడు. చిల్లర షోకులను పక్కనబెడితే ఈ మార్పిడికి నికరమైన కారణం ఇదే. అందుకే ఇంజన్‌తో పాటు ఓవర్‌డ్రైవ్ ఉన్న ఆటోమేటిక్ గేర్ బాక్సు కూడా తప్పనిసరిగా వచ్చింది. పై గేరులో పడ్డాక ఇంజన్ తక్కువ చుట్లు తిరుగుతుంది, వేగం మాత్రం నిలుస్తుంది.

ఇక ఇప్పటి రాజు. 1997లో ఐదో తరం షెవర్లే కార్వెట్‌తో ఎల్ఎస్1 అనే ఇంజన్ వచ్చింది: 5.7 లీటర్లు, అల్యూమినియం బ్లాకు, 345 హార్స్‌పవర్. పూర్తిగా కొత్త డిజైనే అయినా 1955 నాటి కొలత ఒకటి అలాగే ఉంచారు. పక్కపక్క సిలిండర్ల నడిబొడ్డుల మధ్య దూరం 4.4 అంగుళాలు. అయితే పేదవాడికి దక్కింది కార్వెట్ ఇంజన్ కాదు. 1999 నుంచి షెవర్లే, జీఎంసీ ట్రక్కుల్లో, టాహో, సబర్బన్ లాంటి పెద్ద బండ్లలో దాని ఇనుప బ్లాకు తమ్ముడు, 5.3 లీటర్లది, లక్షల్లో వెళ్లింది. మొదట్లో 270 హార్స్‌పవర్. వెనక నుంచి ఎవరో గుద్దారనో, తలుపులు నుజ్జయ్యాయనో ఇన్సూరెన్సు కంపెనీలు ఆ బండ్లను పనికిరానివిగా తేల్చేస్తాయి. ఇంజన్‌కి మాత్రం చిన్న గీత కూడా పడి ఉండదు. కంప్యూటరు, తీగల కట్టతో సహా చవగ్గా దొరుకుతుంది.

ఇంకో కారణం సైజు. 2011 మస్టాంగ్‌తో వచ్చిన ఫోర్డు కొత్త 5.0 లీటర్ల ‘కొయోటే’ నిస్సందేహంగా గొప్ప ఇంజన్, 412 హార్స్‌పవర్. కానీ ఒక్కో హెడ్డు మీద రెండేసి క్యామ్‌షాఫ్టులు ఉండటంతో అడ్డంగా బాగా వెడల్పు. ఎల్ఎస్‌లో ఉన్నది ఒక్కటే క్యామ్‌షాఫ్టు, అదీ బ్లాకు మధ్యలో. పుష్‌రాడ్లతో వాల్వుల్ని లేపుతుంది. ఇంజనీరింగ్ పుస్తకం ప్రకారం పాత పద్ధతే. ఆ పాత పద్ధతి వల్లే ఇంజన్ సన్నగా ఉండి, యాభైల నాటి ఇరుకు బానెట్ కింద సుఖంగా కూర్చుంటుంది. ఫోర్డు భక్తుల్లో కొందరు పంతానికి కొయోటేనే ఎక్కించి, దానికోసం ముందు భాగమంతా కోసి కుడతారు. వాళ్ల పంతం నాకు నచ్చుతుంది గానీ, కుదిరిక మాత్రం షెవర్లేదే.

బిగించడం అంటే నాలుగు బోల్టుల పని కాదు. నూనె ట్రే ముందు ఇరుసుకో, అడ్డ కమ్మీకో తగులుతుంది. పొగ గొట్టం స్టీరింగ్ బాక్సుకి అడ్డొస్తుంది. గేర్ బాక్సు పొడవు మారితే వెనక్కి వెళ్లే షాఫ్టుని కోసి కొత్త కొలతకి చేయించాలి. పాత కార్బురేటర్‌కి పెట్రోలు పంపు ఎంత ఒత్తిడితో పెట్రోలు ఇచ్చేదో, ఎల్ఎస్ ఇంజెక్టర్లకు దానికి దాదాపు పది రెట్లు కావాలి. అంటే కొత్త పంపు, కొత్త గొట్టాలు, చాలావరకు కొత్త ట్యాంకు. షెవర్లే సీ-10 పికప్‌లో అయితే 1972 మోడల్ దాకా పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉండేది. మనిషి వీపుకి ఆనుకుని అన్ని లీటర్ల పెట్రోలు! దాన్ని తీసి వెనక తొట్టి కిందికి మార్చడం ఇప్పుడు ఈ పనిలో భాగమైపోయింది. ఫోర్డు ట్రక్కుకి 1955 మోడల్ దాకా కరెంటు ఆరు వోల్టులే. కాబట్టి అలాంటి బండికి తీగలన్నీ మొదట్నుంచీ వేయాల్సిందే.

ఇంత చెప్పినా, నా లెక్కలో ఇంజన్ రెండో పని. మొదటిది బ్రేకు. 1953 ఎఫ్-100కి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. బ్రేకు నూనెకి ఒకే దారి. ఎక్కడ గొట్టం చిల్లుపడినా నాలుగు చక్రాలూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. ముందూ వెనకా విడివిడి దారులుండే పద్ధతి అమెరికా బండ్లన్నింటికీ 1960ల చివర్లో గానీ రాలేదు. స్టీరింగ్ కడ్డీ ఒకే ముక్క, గుద్దుకుంటే నేరుగా డ్రైవరు గుండెల మీదికి వస్తుంది. ముందు చక్రాలు రెండూ ఒకే మొద్దు ఇరుసుకి, కమాన్ పట్టీల మీద. దీనికి మూడొందల హార్స్‌పవర్ ఎక్కించి బ్రేకులు అలాగే వదిలేయడం కంటే దాన్ని షెడ్డులో పెట్టి తాళం వేయడం మేలు.

ఇక్కడా దారి చూపింది తుక్కు యార్డే. 1974 మోడల్‌గా వచ్చిన మస్టాంగ్ రెండో తరాన్ని మస్టాంగ్ అభిమానులు ఇప్పటికీ ఈసడించుకుంటారు. చమురు సంక్షోభం నాటి చిన్న బండి, పేరు చెడగొట్టిందని. అయితే దాని ముందు సస్పెన్షన్ చిన్నది, విడి చక్రాలది, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగుతో ఉన్నది. హాట్ రాడ్ మెకానిక్కులు దాన్ని కోసి తెచ్చి పాత ట్రక్కుల కింద వెల్డింగు చేశారు. అసలు భాగాలు అయిపోయాక కంపెనీలు అదే నమూనాలో కిట్లు చేసి అమ్ముతున్నాయి. ఏ అభిమానీ కోరుకోని కారు పేరు ఇలా వేల బండ్ల కింద బతికుంది. ఎఫ్-100 వాళ్లకు ఆ తర్వాత ఇంకో నిధి దొరికింది. పోలీసులు, ట్యాక్సీవాళ్లు అరగదీసిన ఫోర్డు క్రౌన్ విక్టోరియా. 2003 నుంచి, ఉత్పత్తి ఆగిన 2011 దాకా వచ్చిన ఆ కార్ల ముందు సస్పెన్షన్ మొత్తం ఒక అల్యూమినియం చట్రం మీద ఉంటుంది. బోల్టులిప్పితే డిస్క్ బ్రేకులతో సహా ఒకే ముక్కగా ఊడొస్తుంది. పెద్దగా డబ్బు లేనివాడికి ఇంతకంటే మంచి బేరం లేదు.

డబ్బున్నవాళ్ల దారి వేరు. కాలిఫోర్నియాలోని ఐకాన్ లాంటి సంస్థలు నలభైల నాటి షెవర్లే ట్రక్కు రూపాన్ని ఆర్ట్ మారిసన్ కంపెనీ కొత్త ఛాసిస్ మీద కూర్చోబెట్టి, లక్ష డాలర్లు దాటిన ధరలకు అమ్ముతున్నాయి. పనితనానికి వంక పెట్టలేం. కానీ గడ్డి మోసే బండి తొట్టిలో మెరుగుపెట్టిన చెక్క పలకలు పరిచి, గీత పడుతుందని గొడుగు కూడా పెట్టనివ్వని యజమానిని తలచుకుంటే నవ్వొస్తుంది.

కంపెనీలు కూడా ఆలస్యంగా ఈ ఆటలోకి దిగాయి, కరెంటు పట్టుకుని. 2019 సెమా ప్రదర్శనలో షెవర్లే 1962 నాటి సీ-10కి రెండు విద్యుత్ మోటార్లు పెట్టి ఈ-10 అని చూపించింది. సుమారు 450 హార్స్‌పవర్. మోటారు చప్పుడు చేయదు కాబట్టి పాత వీ-8 గర్జన వినిపించడానికి స్పీకర్లు కూడా పెట్టారు! 2021లో ఫోర్డు 1978 ఎఫ్-100కి మస్టాంగ్ మాక్-ఈ మోటార్లు రెండు బిగించి 480 హార్స్‌పవర్ అంది. అలాంటి మోటారు ఒక్కోటి 3,900 డాలర్లకు ఎవరికైనా అమ్మింది. బరువు 93 కిలోలు. అయితే బ్యాటరీగానీ, కరెంటుని మార్చే ఇన్వర్టరుగానీ ఆ ధరలో లేవు. అసలు ఖర్చంతా ఉన్నది వాటిలోనే. గుద్దుకున్న విద్యుత్ కార్లు యార్డుల్లో కుప్పలు పడేదాకా ఇది సామాన్యుడి పని కాదని నా అంచనా.

అక్కడి చట్టం ఈ సరదాకి చాలావరకు చోటిచ్చింది. పొగ విషయంలో దేశంలోకెల్లా కఠినమైన కాలిఫోర్నియాలో కూడా 1975, అంతకుముందు మోడల్ పెట్రోలు బండ్లకు పొగ తనిఖీ లేదు. తర్వాతి బండికైతే ఎక్కించే ఇంజన్ బండి సంవత్సరానిదో, ఆ తర్వాతిదో అయి ఉండాలి, దాని పొగ అదుపు సరంజామా అంతా దానితో రావాలి. డాలస్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్లు ఆదివారం పొద్దున కాఫీ దుకాణాల ముందు ఇలాంటి ట్రక్కులు వరసగా ఆగి ఉంటే చూసే ఉంటారు. బానెట్ ఎత్తి ఉంటే దగ్గరికెళ్లి అడగండి; అలాంటి యజమానికి అంతకంటే ఆనందం లేదు.

మన దగ్గరా ఇంజన్ మార్పిడి కొత్తకాదు. పెట్రోలు తాగే పాత జీపులకు, అంబాసిడర్లకు మెటాడోర్ డీజిల్ ఇంజన్లు ఎక్కించిన షెడ్లు ఊరూరా ఉండేవి. అమెరికావాళ్లు వేగం కోసం చేస్తే మనం మైలేజీ కోసం చేశాం. ఇప్పుడు చట్టం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తాయి, పదేళ్ల గడువుతో, ఇరవై వేల రుసుముతో. షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ గణనీయంగా మారకుండా అసలు రూపంలో ఉండాలి. అంటే రెస్టోమాడ్ చేసిన బండికి ఆ నంబరు రాదు. కాబట్టి తాతగారి జీపో, పాత ట్రక్కో పెరట్లో ఉన్నవాళ్లు స్పానర్ పట్టకముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కుని, అనుమతి కాగితం మీద తీసుకోండి. అనుమతి వచ్చినా సరే, దించిన పాత ఇంజన్‌ని నంబరు ప్లేటుతో సహా నూనె పూసి, టార్పాలిన్ చుట్టి దాచుకోండి. తుక్కుకి మాత్రం వేయకండి.