బొడ్డుతాడు రక్తం: చెల్లి ఇచ్చిన మొదటి సంచి

బిడ్డ పుట్టిన వారం పది రోజులకు బొడ్డు ఊడుతుంది. ఎండి నల్లబడిన ఆ ముక్కను తాయెత్తులో పెట్టించి మొలతాడుకు కట్టడం తెలుగు ఇళ్లలో చాలాచోట్ల ఉన్న ఆచారం. బిడ్డకు జబ్బు చేస్తే అది అక్కరకొస్తుందని పెద్దవాళ్ల నమ్మకం. మాయను మాత్రం ఎవరూ దాచుకోలేదు. పల్లెల్లో గొయ్యి తీసి పాతిపెట్టేవారు. కాన్పులు ఆస్పత్రులకు మారాక అది చెత్తలో కలిసిపోయింది. అందులో మిగిలిపోయే రక్తం ఒక ప్రాణం నిలబెట్టగలదని రుజువైంది 1988లో, పారిస్‌లో.

ఆ ఏడాది అక్టోబరు 6న సెయింట్ లూయీ ఆస్పత్రిలో డాక్టర్ ఎలియాన్ గ్లుక్‌మన్ ముందున్నది అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి వచ్చిన ఐదేళ్ల పిల్లవాడు. అతనికి ఫాంకోని ఎనీమియా. ఎముకల్లోని మూలుగ రక్తం తయారుచేయడం క్రమంగా మానేసే వంశపారంపర్య వ్యాధి అది. అంతకుముందే తల్లి మళ్లీ గర్భవతి అయింది. పుట్టబోయే పాపకు ఆ జబ్బు లేదనీ, ఆమె కణాలు అన్నకు సరిపోతాయనీ కడుపులో ఉండగానే పరీక్షల్లో తేలింది. కాన్పు రోజున తీసిన బొడ్డుతాడు రక్తాన్ని ఇండియానాలో హాల్ బ్రాక్స్‌మేయర్ బృందం పరీక్షించి, అతిశీతలంలో భద్రపరిచింది. నెలల తరవాత అది అట్లాంటిక్ దాటి పారిస్ చేరింది. ఫాంకోని పిల్లలు మార్పిడికి ముందు ఇచ్చే కీమో మందులను మామూలు మోతాదులో తట్టుకోలేరు. వాళ్ల కోసం మోతాదు తగ్గించిన పద్ధతిని గ్లుక్‌మన్ అప్పటికే రూపొందించి ఉన్నారు. చెల్లి రక్తంతో అన్న మూలుగ మళ్లీ పని మొదలుపెట్టింది. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడయ్యాడు.

ఈ రక్తం తీయడం చూస్తే చిన్న పనే. బిడ్డ బయటికొచ్చాక తాడుకు క్లిప్పు పెట్టి కోస్తారు. మాయవైపు మిగిలిన తాడును మందుతో తుడిచి, సిరలోకి సూది గుచ్చుతారు. గొట్టం చివర, రక్తం గడ్డకట్టకుండా మందు కలిపిన సంచి మంచం కన్నా కిందికి వేలాడుతుంది. కొద్ది నిమిషాల్లో ధార సన్నగిల్లి, తాడు తెల్లగా పాలిపోతుంది. సంచిలో చేరేది సాధారణంగా 100 మిల్లీలీటర్ల లోపే, అంటే ఒక చిన్న టీ గ్లాసుడు. తల్లికీ బిడ్డకూ నొప్పి ఉండదు. తరవాత అందులోని, రక్తాన్ని తయారుచేసే మూలకణాలను వేరుచేసి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాస్తారు.

అన్నకు చెల్లి ఇవ్వగలిగినప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లకు ఎందుకు ఇవ్వకూడదు? ఈ ఆలోచనతోనే 1990ల తొలినాళ్లలో న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో పాబ్లో రూబిన్‌స్టీన్ పబ్లిక్ బ్యాంకు మొదలుపెట్టారు. తల్లులు ఉచితంగా ఇచ్చిన సంచులు అక్కడ చేరేవి. 1993లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జోవాన్ కర్ట్‌జ్‌బర్గ్ ఆ బ్యాంకు రక్తాన్ని బంధుత్వం లేని రోగికి ఎక్కించారు. ఈ కణాలు లేతవి కావడంతో, మూలుగ మార్పిడిలో కన్నా పోలిక కాస్త తగ్గినా సర్దుకుంటాయి.

మరోవైపు వ్యాపారమూ పుట్టింది. ఈ రక్తాన్ని నిల్వచేసే పద్ధతిపై బయోసైట్ అనే కంపెనీ 1991లో అమెరికాలో పేటెంటు పొందింది. సొమ్ము కట్టిన కుటుంబానికే సంచిని అట్టిపెట్టే ప్రైవేటు బ్యాంకులు వెలిశాయి. 2000ల్లో అవి మన దేశానికీ వచ్చాయి. గర్భిణులు చెకప్‌కు వెళ్లే చోట వాటి కరపత్రాలు కనిపిస్తాయి. బిడ్డ రక్తం బిడ్డకే బీమా అన్నది వాటి మాట. చెల్లి అన్నకిచ్చిన కానుకగా మొదలైన కథ ఇక్కడే దారి తప్పింది.

ఎందుకంటే తలసేమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధితో పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. పసితనంలో వచ్చే కొన్ని ల్యూకేమియాల బీజం పుట్టుకకు ముందే పడి ఉండవచ్చు. అలాంటి రక్తాన్ని తిరిగి ఎక్కించి లాభం లేదు. పైగా ఒక్క సంచిలోని కణాలు ఎదిగిన మనిషికి చాలావరకు సరిపోవు. బిడ్డ సొంత అవసరానికి దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా పబ్లిక్ బ్యాంకులకు దానం చేయమనే చెబుతోంది.

ఇంట్లో పెద్దబిడ్డకు తలసేమియా ఉంటే లెక్క వేరు. నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లల కోసం హైదరాబాద్‌లో 1998లో తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది. అలాంటి పిల్లలున్న ఇంట్లో తమ్ముడో చెల్లో పుడితే, కణాలు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఆ సంచిని దాచడంలో అర్థముంది. ఆ తల్లిదండ్రులు కాన్పుకు చాలా ముందే రక్తవ్యాధుల వైద్యుణ్ని కలవాలి.

మిగతావాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. బిడ్డ పుట్టాక కనీసం ఒక నిమిషం ఆగి క్లిప్పు పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. ఆ నిమిషంలో మాయలోని రక్తం బిడ్డ ఒంట్లోకి దిగి, రాబోయే నెలలకు కావలసిన ఇనుము సమకూరుతుంది. రక్తహీనత ఇంతగా ఉన్న దేశంలో అది తక్కువ మేలు కాదు. ఆగినకొద్దీ సంచిలోకి వచ్చేది తగ్గుతుంది. అందుకే ప్రైవేటు బ్యాంకు ఒప్పందం మీద సంతకానికి ముందు, మీ ఆస్పత్రిలో క్లిప్పు ఎంతసేపటికి పెడతారని డాక్టరునే నేరుగా అడగాలి.