సెహన్‌లో పూలకు వతన్ ఏది?

మన పాత ఇళ్లలో సెహన్ అంటే ఉత్త ఖాళీ జాగా కాదు. ఒక మూల మోగ్రా, ఇంకో మూల గులాబ్, గోడ పక్కన హర్‌సింగార్ ఉండేవి. ఇప్పుడు ఆ ఇళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి. 'బాల్కనీలో ఏ పూలు పెట్టుకోవాలి?' అని రిష్తేదార్లు అడిగినప్పుడల్లా నాకు తారీఖ్ గుర్తొస్తుంది. ఏది ఇక్కడిది, ఏది పరాయిది అనే సవాల్ ఈ రోజుల్లో మనుషులకే ఎదురవుతోంది కదా. పూలను అడిగితే ఏం జవాబిస్తాయో చూద్దాం.

1526లో పానిపట్ గెలిచిన బాబర్‌కు హిందుస్తాన్ మొదట్లో అసలు నచ్చలేదు. ఇక్కడి వేడిని, గాలిని, దుమ్మును తిట్టుకున్నాడు. అయినా 'బాబర్‌నామా'లో మన మందారాన్ని, గన్నేరును, మొగలిపువ్వును షౌక్‌గా వర్ణించాడు. గ్వాలియర్‌లో ఎర్ర కనేర్ కనబడితే మొక్కలు తెప్పించి ఆగ్రా బాగుల్లో నాటించాడు. కాబుల్ కొండల్లో లాలా పూల రకాలను లెక్కపెట్టించిన బాద్షా, ఇక్కడి గన్నేరుకు దిల్ ఇచ్చేశాడు.

ఇక గేందా సంగతి. బతుకమ్మలోనూ, మన షాదీల గుమ్మాలకూ కనిపించే ఈ బంతి పుట్టింది మెక్సికో వైపు. సాయంత్రం అసర్ వేళకు విచ్చుకునే గుల్-ఎ-అబ్బాసీ, అంటే మన చంద్రకాంత, అదీ అమెరికా ఖండానిదే. రాత్ కీ రాణి కూడా అంతే. సముద్రాలు దాటి వచ్చి ఈ మిట్టీలో వేళ్లూనాయి. వాటిని పరాయివని ఎవరంటారు? రాత్రి పూసి ఫజర్‌కల్లా నేల రాలే హర్‌సింగార్ మాత్రం ఈ గడ్డదే. తెలుగులో పారిజాతం. దాని నారింజ కాడలతో బట్టలకు రంగు అద్దేవారు.

1591లో పుట్టిన మన హైదరాబాద్‌కు బాగులే షాన్. 17వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియె, మహల్ మిద్దెల మీద పెరిగిన పెద్ద పెద్ద చెట్లను చూసి, ఆ బరువును కమాన్లు ఎలా మోస్తున్నాయా అని హైరాన్ అయ్యాడు. ఇప్పుడు బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి అని పేర్లలోనే బాగ్ మిగిలింది.

మిద్దె మీద చెట్లే పెంచిన షహర్‌లో బాల్కనీకి ఓ కుండీ బరువా? ఎండ బాగా తగిలే చోట మోగ్రా, గులాబ్ పెట్టండి. రాత్ కీ రాణి ఖుష్బూ ఘాటు, పడకగది కిటికీకి దూరంగా ఉంచండి. చిన్న పిల్లలున్న ఇంట్లో కనేర్ వద్దు, మొక్క మొత్తం విషమే. గుల్-ఎ-అబ్బాసీ నల్ల గింజలు కూడా వాళ్ల నోట్లోకి పోనివ్వకండి.

పాత ఇల్లు బిల్డర్ చేతికి ఇస్తున్నారా? తాళాలు అప్పగించే ముందు నానీ పెంచిన మోగ్రా కొమ్మలు నాలుగు కోసి తెచ్చుకోండి. వానాకాలంలో తడి మట్టిలో గుచ్చితే వేళ్లు పడతాయి. నాలుగూ బతక్కపోవచ్చు, ఒక్కటి బతికినా చాలు. ఆ పూల పేర్లు పిల్లలకు ఉర్దూలోనూ, తెలుగులోనూ చెప్పండి. రెండూ వాళ్ల జబానే.