మార్పిడికి ముందటి కాలము

మూత్రపిండ మార్పిడి చరిత్రను చెప్పువారు చాలవరకు శస్త్రవైద్యుని కత్తితో మొదలుపెట్టి దానితోనే ముగింతురు. రోగి ఆ బల్లమీదికి చేరకమునుపు డయాలిసిస్ యంత్రము నొద్ద గడపిన నెలలును సంవత్సరములును వారి కథలో చోటు చేసికొనవు. అమర్చిన మూత్రపిండ మెన్నాళ్ళు పనిచేయునను విషయమున ఆ నిరీక్షణకు గల పాత్ర కత్తిదానికంటె తక్కువది కాదని నా తలంపు.

1943లో, జర్మను సేనల వశమైయున్న హాలెండు దేశమున, కాంపెన్ అను చిన్న పట్టణపు ఆసుపత్రిలో విలెం కోల్ఫ్ అను యువవైద్యుడు, సాసేజీలకు పైతొడుగుగా వాడెడు సెల్లోఫేన్ గొట్టమును చెక్కబద్దల పీపాకు చుట్టి, దానిని ఉప్పునీటి తొట్టిలో కొంత మునుగునట్లు త్రిప్పుచు, రోగి రక్తము నా గొట్టము గుండ నడపి, అందలి మాలిన్యమును నీటిలోనికి దిగవిడిచెను; డయాలిసిస్ అనగా ఇదియే. తొలుత చికిత్స పొందినవారిలో ఇంచుమించు అందరును మరణించిరి. 1945లో 67 ఏండ్ల స్త్రీ యొకతె మాత్రము స్పృహ తెలిసి బ్రతికెను. అయినను ప్రతిసారియు క్రొత్తగా రక్తనాళమును కోయవలసియుండుటచే దీర్ఘకాల చికిత్స అసాధ్యమే యయ్యెను. 1960లో సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టములను ముంజేతి ధమనీసిరలలో నిలిపియుంచి ఆ చిక్కును విడదీసెను. ఆయన తొలి రోగి ఏండ్ల తరబడి జీవించి, తుదకు గుండెపోటుతో మరణించెను. గుండెయు రక్తనాళములును క్రమముగా చెడుటయే ఆ యంత్రము నాశ్రయించినవారిని నేటికిని వెన్నాడుచున్న ప్రమాదము.

ఇంతలో బోస్టను నగరమున 1954 డిసెంబరు 23న జోసెఫ్ ముర్రే సమరూప కవల సోదరులలో నొకని మూత్రపిండమును రెండవవాని కమర్చి జయము గాంచియుండెను. అట్టి కవలలు కానివారి మాట వేరు; వారి శరీరము పరాయి అవయవమును తిరస్కరించును. డయాలిసిస్ రోగులకు రక్తహీనత సహజము. అందుకై ఎక్కించిన పరుల రక్తము మరొక చిక్కు తెచ్చిపెట్టెను. ఆ రక్తమువలన కొందరిలో పరాయి కణములపై ప్రతిద్రవ్యములు పుట్టి, క్రొత్త అవయవమును రాగానే నశింపజేసెడివి. 1969లో పటేల్, టెరసాకీ అను పరిశోధకులు ప్రకటించిన లెక్కలో, దాత కణములకు విరుద్ధమైన ప్రతిద్రవ్యము లున్న 30 మార్పిడులలో 24 వెంటనే విఫలమయ్యెను. అవి లేని 195లో విఫలమైనవి 8 మాత్రమే. నాటినుండి, దాత కణములతో రోగి రక్తము పొసగునో లేదో చూచు క్రాస్‌మ్యాచ్ పరీక్ష చేయక శస్త్రచికిత్సకు పూనుకొనుట తగని పనిగా ఎంచబడెను. పిమ్మట 1983లో అమెరికాలో అనుమతి పొందిన సైక్లోస్పోరిన్ అను మందు ఆ తిరస్కృతిని చాలవరకు అణచెను. 1989లో మందుగా వచ్చిన ఎరిత్రోపోయెటిన్ ఎర్రకణములను పెంచి రక్తమెక్కించు నవసరమును తగ్గించెను.

మిగిలినది కాలము. 2002లో మైయర్-క్రీషె, కాప్లన్ అను వైద్యులు ఒకే మృతదాతనుండి చెరియొక మూత్రపిండమును పొందిన రోగుల జంటలను పరిశీలించిరి. దాత యొక్కడే, నిరీక్షణ వేరు. ఆరు నెలలలోపు డయాలిసిస్‌లో నున్నవారికి పదేండ్ల తరువాతను నూటికి 63 మూత్రపిండములు పనిచేయుచుండగా, రెండేండ్లకు మించి యున్నవారికి 29 మాత్రమే మిగిలెను. శీఘ్రముగా మార్పిడి పొందగలవారు తరచు కలవారే కావున, పేదరికము కూడ ఈ అంకెలలో కొంత దాగియుండునని నాకు తోచుచున్నది. అయినను రక్తనాళములు సున్నము పట్టి గట్టిపడుట, గుండెకండరము మందమగుట, మూత్రాశయము వాడుక లేక ముడుచుకొనుట మొదలైనవి కాలముతో పెరుగునను మాట కాదనరానిది.

మన దక్షిణదేశమున వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లో మూత్రపిండ మార్పిడి విజయవంతముగా జరిగెను. తెలుగునాట మృతదాతల అవయవములను పంచు పథకమైన జీవన్‌దాన్ 2013లో పని ప్రారంభించెను. శ్రీకాకుళపు ఉద్దానము ప్రాంతమున ఒకే యింట పలువురు మూత్రపిండ వ్యాధిగ్రస్తులగుట కలదు; అట్టి యింట దాత దొరకుటయే దుర్లభము. కావున మూత్రపిండములు క్షీణించుచున్నవని నెఫ్రాలజిస్టు చెప్పిన దినముననే, యంత్రము నాశ్రయించువరకు ఆగక, మార్పిడి మాట యడుగుడని, ఇంట దాత యున్నచో పరీక్షలు మొదలిడుడని, లేనిచో జీవన్‌దాన్ జాబితాలో పేరెప్పుడు చేర్తురో విచారించుడని పాఠకులను కోరుచున్నాను.