పసిబిడ్డ సాక్ష్యము

అభము శుభము ఎరుగని పసిబిడ్డపై జరుగు అత్యాచారమునకు సాధారణముగా ఇద్దరే సాక్షులు: నేరము చేసినవాడు, దానికి గురియైన బిడ్డ. మొదటివాడు చెప్పడు. బిడ్డకు చెప్పుటకు మాటలు చాలవు. ఇట్టిచోట న్యాయమూర్తి దేనిని నమ్మవలెను? ఈ ప్రశ్నకు చట్టము ఇచ్చిన సమాధానము రెండున్నర శతాబ్దములలో ఎట్లు మారినదో ఇచట పరిశీలింతుము. మన సాక్ష్య చట్టమునకు మూలము ఆంగ్లేయుల న్యాయమే గనుక కథను అచటనే ఆరంభింపవలసియున్నది.

1779లో ఇంగ్లండునందలి రెడింగు పట్టణమున బ్రేజియర్ అనువానిపై విచారణ జరిగెను. ఏడేండ్లు నిండని బాలికపై అత్యాచారము చేయబూనెనని అభియోగము. బాలిక ఇల్లు చేరిన వెంటనే జరిగినదంతయు తల్లికిని, ఆ ఇంటనున్న మరియొక స్త్రీకిని చెప్పెను. వారిద్దరును ఆ మాటలను కోర్టులో చెప్పిరి. బాలికచేత మాత్రము ప్రమాణము చేయించి సాక్ష్యము పలికింపలేదు. ఈ విషయము పండ్రెండుగురు న్యాయమూర్తుల ముందుకు వచ్చెను. ప్రమాణము లేని సాక్ష్యము చెల్లదనియు, బిడ్డ చెప్పగా విన్నవారి మాటలను గ్రహింపరాదనియు వారు తీర్మానించిరి. ముద్దాయికి క్షమాభిక్ష లభించెను.

అయినను ఆ తీర్మానమున ఒక మేలు లేకపోలేదు. ప్రమాణమన నేమో, దానిని తప్పినచో ఏమగునో ఎరిగిన బిడ్డ, ఏడేండ్లలోపు వయస్సుదైనను, సాక్ష్యమునకు అర్హురాలేయని వారు చెప్పిరి. వయస్సు అను అడ్డు తొలగెను. ప్రమాణము అను అడ్డు నిలిచెను. 1885లో బ్రిటిషు పార్లమెంటు కొన్ని నేరములలో ప్రమాణము లేకయే పసివారి మాట వినుటకు అంగీకరించెను గాని, దానిని బలపరచు వేరొక సాక్ష్యము తప్పనిసరి యనెను.

మన దేశమున 1872 నాటి సాక్ష్య చట్టము మరింత సరళమైన దారి చూపెను. ప్రశ్నను గ్రహించి తగిన సమాధానమీయగల ప్రతివారును సాక్షులు కాదగుదురని 118వ సెక్షను పలికెను. ఒక విషయము రుజువగుటకు ఇందరు సాక్షులుండవలెనను నియమము లేదని 134వ సెక్షను పలికెను. అయినను అభ్యాసబలము గొప్పది. పసివారి మాటకు తోడు వెదకుట న్యాయస్థానములకు అలవాటై పోయెను.

ఆ అలవాటును 1951 డిసెంబరులో సుప్రీంకోర్టు విమర్శించి చూచెను. రాజస్థానమునకు చెందిన ఎనిమిదేండ్ల బాలిక కేసు అది. ప్రమాణము యొక్క పవిత్రత ఆమెకు తెలియదని తలచి కింది న్యాయమూర్తి ప్రమాణము చేయింపకయే ఆమె సాక్ష్యము గ్రహించి శిక్ష విధించెను. సెషన్సు జడ్జి ఆ బాలిక మాట నమ్మదగినదేయనుచును, చట్టరీత్యా చాలదని ముద్దాయిని విడిచిపెట్టెను. హైకోర్టు మరల శిక్షించెను. అప్పీలులో జస్టిస్ వివియన్ బోస్ తీర్పు చెప్పుచు, ప్రమాణము లేనంతమాత్రమున సాక్ష్యము చెల్లకపోదనెను. బలపరచు సాక్ష్యము చట్టపు శాసనము కాదు, జడ్జి మనస్సునందుండవలసిన జాగ్రత్త యనెను. బాలిక కొన్ని గంటలలో తల్లితో చెప్పిన మాట ఆ బలమునకు చాలుననెను. 1779లో తల్లి విన్న మాట కోర్టు వాకిటనే నిలిచిపోయెను. ఈ కేసున బిడ్డయే స్వయముగా సాక్ష్యమిచ్చెను గనుక, తల్లి విన్న మాట ఆమెకు అండయై లోనికి వచ్చెను.

జాగ్రత్త ఎందుకన, బిడ్డ మనస్సు మెత్తనిది. పెద్దలు నేర్పిన చిలుక పలుకులు పలుకవచ్చును. నిరపరాధికి శిక్ష పడుటయు అన్యాయమే. అందుచే జడ్జి ముందుగా పేరు, బడి మొదలగు చిన్న ప్రశ్నలడిగి బిడ్డ తెలివిని గ్రహించును. నిజము చెప్పవలెనని ఆమెకు తెలియునా యని చూచును. తరువాత ఎదుటి వకీలు ప్రశ్నలకు ఆమె కథ మూలమున నిలిచినదా యని తూచును. తేదీ, గడియ వంటి స్వల్పభేదములు పసివారికి సహజమని విడుచును. దేహమున గాయము లేనంతమాత్రమున మాట అబద్ధమని తలపడు.

బిడ్డ మాటను తూచుట యొక్కటియే చాలదు, ఆ మాట వెలువడుటకు తగిన చోటు కల్పింపవలెనని తరువాతి కాలమున గుర్తించిరి. బిడ్డకును ముద్దాయికిని నడుమ తెర యుంచుటను 2004లో సుప్రీంకోర్టు ఆమోదించెను. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము వకీలు ప్రశ్నలు నేరుగా బిడ్డను తాకవు; జడ్జి ద్వారా వచ్చును. బిడ్డను పదేపదే కోర్టునకు పిలువరాదు. 2024 జులై 1 నుండి సాక్ష్య చట్టము పేరు మారినను, పాత 118వ సెక్షను సారము 124వ సెక్షనుగా నిలిచియున్నది.

ఈ చరిత్ర గృహస్థులకు చెప్పునది ఒక్కటి. బిడ్డ మొదట మాట విప్పునది కోర్టులో గాదు, ఇంటిలో. అప్పుడు గద్దింపక, మాటలు అందింపక, మరల మరల అడుగక, చెప్పినంత విని, వెంటనే పోలీసులకు తెలుపవలెను. తల్లి శాంతముగా విన్న ఆ మాటయే రేపు న్యాయస్థానమున బిడ్డకు అండ కాగలదు.