వెలుగునకు పలు త్రోవలు

హబ్సిగూడ కూడలి నుండి ఇద్దరు ఒకే వేళకు బయలుదేరి, ఒకరు తిన్నగాను, ఒకరు నాచారము చుట్టియు ఉప్పలుకు పోయినచో రెండవవారు ఆలస్యముగా చేరుదురు. ఆప్టికల్ ఫైబర్ అను గాజుపోగులో కాంతికి కలిగిన చిక్కు ఇట్టిదే.

గాజుపోగుల ద్వారా దూరములకు వార్తలు పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో, జార్జి హాక్‌హామ్ ప్రతిపాదించిరి. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ అందుకు తగిన స్వచ్ఛమైన పోగును సిద్ధము చేసినది. తొలినాటి పోగుల నడిమి భాగము సుమారు 50 మైక్రాన్ల వెడల్పు. అందులో కాంతి పలు రీతుల నడచును, వీనినే మోడ్‌లందురు. ఒక్కొక్క రీతిది ఒక్కొక్క వేగము. అందుచే దూరము పెరిగినకొలది సంకేతములు ఒకదానిపై నొకటి పడి కలగాపులగమగును. ఇంజనీర్లు నడిమి భాగమును సుమారు 9 మైక్రాన్లకు కుదించి, ఒకే రీతిని మిగిల్చిరి. 1988లో అట్లాంటిక్ మహాసముద్రమును దాటిన తొలి గాజు కేబుల్ ఈ జాతిదే.

అయితే ఆలస్యము కేవలము దోషమేనా? మన ఉప్పల్ రోడ్డున 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థను చూడుడు. 1967 డిసెంబరు 11న సంభవించిన కోయనా భూకంపమును, తరువాతి ప్రకంపనలను అచటి శాస్త్రజ్ఞులు దశాబ్దములుగా పరిశీలించుచున్నారు. భూకంపమున పీ తరంగములు ముందు, ఎస్ తరంగములు వెనుక చేరును. ఆ వ్యవధిని బట్టియే భూకంపకేంద్రమెంత దూరమో గణింతురు. వారికి ఆలస్యమే వార్త.

కాంతి విషయమునను ఇట్టి మార్పే వచ్చినది. ఏకరీతి పోగు సెకనుకు సుమారు 100 టెరాబిట్ల మేరకు చేరువగుచుండగా, శాస్త్రజ్ఞులు విడిచిన రీతులనే మరల ఆశ్రయించిరి. ఒక్కొక్క రీతికి ఒక్కొక్క వార్తనిచ్చి, ఆవలి కొనయందు కలిసిపోయిన వానిని గణితముచే వేరుపరచుటయే ఈ ఉపాయము. 2012లో ప్రకటితమైన ప్రయోగమున బెల్ ప్రయోగశాలవారు ఆరు సంకేతములను ఒకే పోగున 96 కిలోమీటర్లు నడిపిరి. 2022లో జపాను పరిశోధకులు 55 రీతులతో, 25.9 కిలోమీటర్ల పోగున, సెకనుకు 1.53 పెటాబిట్లు పంపిరి. పెటాబిట్టనగా వేయి టెరాబిట్లు.

ఇవి ప్రయోగశాలల విజయములు. వీధులలో పూడ్చిన ఏకరీతి పోగులు ఈ పద్ధతికి చాలవు. క్రొత్త పోగులు, అన్ని రీతులను సమముగా బలపరచు సాధనములు కావలెను. ఉప్పల్, నాచారముల త్రోవలను కేబుల్ కొరకు మరల త్రవ్వునప్పుడు ఏ పోగును పరచవలెనను ప్రశ్న మనకును ఎదురుకాగలదు. ఒకసారి పూడ్చినది చాలకాలము భూమిలో నుండును గనుక, ఆ నిర్ణయమును తొందరపడక చేయవలెను.